ధర్మకోపం, డీజిల్ వ్యాను

"ధర్మం కోసం వచ్చిన కోపాన్ని కూడా అణచుకోవాలా స్వామీ?" అని అడిగాడు చిదంబరం.

అడిగాడు అనడం కన్నా నిలదీశాడు అనడమే సబబు. ఆశ్రమం మొత్తం తన భుజాల మీదే నిలబడి ఉందని నమ్మే శిష్యుడతను. ఉదయం జపం అప్పుడే ముగిసింది. విమలబోధస్వామి ఇంకా పీట మీదనుంచి లేవనైనా లేదు. చిదంబరం పిడికిట్లో వ్యాను తాళం ఉంది. దాన్ని ముందురోజు పదిమంది చూస్తుండగా డ్రైవరు పైడయ్య చేతిలోంచి లాక్కున్నాడు.

కొండ ఊళ్ళ రోగుల్ని పట్నం ఆస్పత్రికి చేర్చే ఆ పాత డీజిల్ వ్యాను దసరా వెళ్ళినప్పటినుంచి మొరాయిస్తోంది. తాళం తిప్పితే టిక్కుమంటుంది, ఇంజను మాత్రం తిరగదు. మొదట్లో నాలుగుసార్లు తిప్పితే అందుకునేది. ముందురోజు అదీ లేదు. జ్వరంతో వణికిపోతున్న ముసలమ్మను లోపల కూర్చోబెట్టి, ఆశ్రమమంతా కలిసి వాలు దాకా తోయాల్సి వచ్చింది. వేసవిలో వేయించిన కొత్త బ్యాటరీ అప్పుడే చచ్చిపోతుందా? పైడయ్య దాన్ని అమ్ముకుని, పాతదేదో తెచ్చి బిగించాడని చిదంబరం తేల్చేశాడు. బానెట్టు ఎత్తి చూసింది లేదు, ఒకరిని అడిగింది లేదు. మంచివాళ్ళు తీర్పు చెప్పడానికి సాక్ష్యాలు అక్కర్లేదు కాబోలు! "అన్నం పెట్టిన చోటే కన్నం వేస్తావా, దొంగా!" అని అరిచాడు. మర్నాడు మధ్యాహ్నం లోగా పెళ్ళాన్ని తీసుకుని వెళ్ళిపొమ్మన్నాడు. "నాను ముట్టుకోనేదు బాబూ, అది ఆ బేటరీయే" అని పైడయ్య మొత్తుకున్నా వినిపించుకోలేదు.

స్వామివారు కాషాయం కట్టకముందు బస్సు డిపోలో కరెంటు పని చేసేవారు. అందుకే కావచ్చు, శిష్యుడి ప్రశ్నకి శాస్త్రాలు తిరగెయ్యకుండా లేచి షెడ్డు వైపు నడిచారు. చిదంబరం విసవిసా వెనకే వెళ్ళాడు. షెడ్డు గుమ్మంలో పైడయ్య, అతని భార్య నీలమ్మ సర్దుకున్న మూటలతో నిలబడి ఉన్నారు.

"ఎక్కి కూర్చో. లైట్లు వేసి, తాళం తిప్పు" అన్నారు స్వామి.

చిదంబరం తిప్పాడు. టిక్కుమంది. అంతే.

"బ్యాటరీలో సత్తువ లేకపోతే, ఇంజను తిప్పబోయేసరికి లైట్లు నీరసించాలి. నీరసించాయా?"

ఎదురుగోడ మీద వెలుగు చెక్కుచెదరలేదు. చిదంబరం అటు చూసి, లేదన్నట్టు తల ఊపాడు.

స్వామి ఒక లావుపాటి వైరు తీసుకుని, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి తగిలించి, రెండో కొసను ఇంజను మీద రంగులేని ఇనుముకి గట్టిగా అదిమిపెట్టారు. మళ్ళీ తిప్పమన్నారు. ఇన్నాళ్ళూ బతిమాలించుకున్న వ్యాను ఒక్క తిప్పుకే నల్లటి పొగ కక్కుతూ గర్జించింది.

"బ్యాటరీ బాగానే ఉంది. ఇంజను నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారే ఎక్కడో మూసుకుపోయింది" అన్నారు స్వామి.

ఇక్కడైనా సిగ్గుపడ్డాడా? లేదు! "అయితే ఆ దారి పాడుచేసిందీ వీడే అయివుంటాడు. బండి చూసుకునేది వీడే కదా!" అన్నాడు వ్యాను దిగుతూ. ఒకసారి దొంగ అన్న నోరు రెండోసారి ఇంకా సులువుగా అంటుంది.

స్వామి ఇంజను ఆపించి, బండి కింద ఒకచోటు చూపించారు. ఇంజను నుంచి వచ్చిన అల్లిక తీగ అడుగున ఉన్న ఇనుప చట్రానికి బోల్టుతో బిగించి ఉంది. ఆ చట్రం మీదుగానే కరెంటు బ్యాటరీకి చేరాలి. అది విప్పమన్నారు. చిదంబరం బోర్లా పడుకుని, పానా పెట్టి విప్పాడు. తీగ కొస ఆనే చోట ఇనుము కనబడలేదు. దళసరిగా, నున్నగా, తళతళలాడే నల్లరంగు కనబడింది.

చిదంబరానికి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. దసరా వాహనపూజకి ముందు, కడిగితే చాలంటున్న పైడయ్యను పక్కకి జరిపి, అమ్మవారి ముందు తుప్పు కనిపించకూడదని పంతం పట్టింది తనే. కుంచె అందడం లేదని ఆ తీగ విప్పి, రెండు పూతలు పూసి, ఆ రంగు మీదే మళ్ళీ బిగించిందీ తనే. భక్తితోనే చేశాడు పాపం. ఆ భక్తే కరెంటుకి అడ్డం పడుతుందని అతనికి తట్టలేదు.

చాకుతో ఇనుము మెరిసేదాకా గోకాడు. తీగ బిగించి, ఒళ్ళంతా దుమ్ముతో బయటికి వచ్చి, తాళం తిప్పాడు. వ్యాను ఠక్కున అందుకుంది. ఇంజను ఆపి, గుమ్మం దగ్గరికి వెళ్ళి తాళం అందించబోయాడు.

"పొరపాటైపోయింది పైడయ్యా. ఇదిగో, తీసుకో. మూటలు లోపల పెట్టండి."

పైడయ్య చెయ్యి చాచలేదు.

"తీసుకోను బాబూ. నిన్న సాయంత్రం బోరింగు కాడ మా ఆడదాని బిందె పక్కకి నెట్టీసినారు, దొంగోడి పెళ్ళామని. రంగంటే గోకీసినారు. మీరన్న మాట దేనితో గోకుతారు? నన్ను పదిమందిలో అన్నారు. నా కాడికొచ్చి సెవిలో సెప్పీసి పోతానంటే ఎలాగ? నానొప్పను!"

నీలమ్మ అతని భుజం పట్టుకుంది. అతను విదిలించుకుని, వ్యాను రేకు మీద దభీమని గుద్దాడు.

చిదంబరం మొహం మాడిపోయింది. ఒంగి తాళం అందించబోయినందుకు ఇదా మర్యాద అనిపించింది. గురువు వైపు తిరిగి, "చూశారా స్వామీ! తప్పు ఒప్పుకున్నాక కూడా ఎంత కోపమో!" అన్నాడు.

స్వామి చేతులకంటిన మసి తుడుచుకుంటూ అతని కళ్ళలోకి చూశారు.

"అణచుకోమని చెప్పనా?"