దూదికొట్టంలో కందిరీగలు

పక్కీరప్పకి కందిరీగలంటే భయం. భయమంటే మీరూ నేనూ పడే భయం కాదు. చెవి పక్కన జుయ్యిమంటే చాలు, ఒళ్లంతా చెమటలు పట్టి, కాళ్లు వాటంతట అవే పరుగందుకునేవి. ముప్పై ఏళ్ల మనిషి. బస్తా దూది ఒక్కడే ఎత్తి భుజాన వేసుకునేవాడు. అలాంటివాడు గడప మీద ఒక్క కందిరీగ వాలితే ఇంట్లోంచి బయటికి రాలేక పొద్దంతా లోపలే కూర్చునేవాడు.

దానికి కారణం ఉంది. పదహారేళ్లప్పుడు అన్న మాబయ్యతో కలిసి చేలో కంప కొడుతున్నాడు. కంపలో తుట్టె ఉన్న సంగతి ఇద్దరూ చూడలేదు. మాబయ్య కత్తి నేరుగా దాని మీదే పడింది. పక్కీరప్ప పరిగెత్తాడు. వెనక నుంచి అన్న "ఒరే పక్కీరా, ఆగురా" అని పిలిచాడు. ఆగలేదు. ఊరి మొదట్లో ఉన్న గడ్డివాములో దూరి, చెవులు మూసుకుని కూర్చున్నాడు. పెద్దవాళ్లు పోయి చూసేసరికి మాబయ్య గొంతు వాచిపోయి ఉంది. పొద్దు గుంకక ముందే పోయాడు.

పక్కీరప్పని ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. "చిన్నోడు, వాడేం చేస్తాడు పాపం" అన్నారు. నలుగురూ తిట్టి ఉంటే బాగుండేదని ముసలితనంలో నాతో ఎన్నిసార్లు అన్నాడో.

దస్తగిరి సామి దగ్గరికి అతను చేరింది అందుకే. సామి నూర్‌బాషా, అంటే దూదేకుల మనిషి. నల్లమల అంచున ఒక చిన్న ఊళ్లో దూది ఏకుతూ, పరుపులు కుడుతూ బతికేవాడు. వాళ్ల పీరుగారి దగ్గర ఉపదేశం పొందాడు. సాయంత్రాలు పని ఆపాక నలుగురు వచ్చి కూర్చుంటే రెండు మంచి మాటలు చెప్పేవాడు. అంతే. కానీ ఊళ్లో జనం ఊరుకుంటారా? సామి కందిరీగలకు కట్టు కట్టగలడనీ, ఆయన మంత్రం చదివితే వాటి ముల్లు లేవదనీ పుట్టించారు. ఇలాంటి మహిమల కబుర్లు వింటే నాకు ఒళ్లు మండుతుంది. అయినా భయంలో ఉన్నవాడికి అవే కదా కావాల్సింది! పక్కీరప్ప నమ్మాడు.

వచ్చిన రోజే కాళ్ల మీద పడ్డాడు. "ఆ కట్టు నాకు నేర్పు సామీ. నీలాగా భయం లేకుండా బతకాలి."

సామి అతన్ని ఎగాదిగా చూసి, "సూదిలో దారం ఎక్కించడం వచ్చా?" అన్నాడు.

"వచ్చు సామీ."

"అయితే ముందు ఆ పరుపు కుట్టు."

అలా మూడేళ్లు కుట్టాడు.

మూడో ఏడు వానలు వెనకపట్టాయి. ఆకాశం కడిగినట్టు తేటపడింది. పొద్దున పూట గడ్డి మీద మంచు తడి, మధ్యాహ్నమయ్యేసరికి చురుక్కుమనే ఎండ. చలికాలం రాకముందే పాత పరుపులు ఏకించుకోవాలని జనం బండ్ల మీద వేసుకొచ్చేవాళ్లు. సామి దూదికొట్టానికి అది పని ముమ్మరం. కందిరీగలకీ అదే ముమ్మరం. ఆ దినాల్లో తుట్టెలు నిండుగా ఉంటాయి, చిన్న అలికిడికే మీద పడతాయి.

ఆ ఏడు అవి దూదికొట్టంలోనే గూడు పెట్టాయి. వాకిలి దాటి లోపలికి అడుగు పెట్టగానే నెత్తి మీద, వాసానికి, చాటంత తుట్టె.

దూది ఏకే విల్లు తెలుసుగా? మనిషి నిలువు ఎత్తు ఉంటుంది. దాన్ని పై వాసానికి తాడు కట్టి వేలాడదీస్తారు. కొయ్య సుత్తితో నారి మీద కొడితే టంయ్, టంయ్‌మని మోగుతూ దూదిని విడదీసి పొగలా పైకి లేపుతుంది. నారి మోగినప్పుడల్లా వాసం అదురుతుంది. వాసం అదిరితే తుట్టె అదురుతుంది.

సామి తుట్టెను చూశాడు. తాడు విప్పి విల్లు కిందికి దించాడు. ఆ రోజు నుంచి దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, నారి వదులు చేసుకుని, మూలన కూర్చుని మెల్లగా ఏకేవాడు. అరవై అయిదేళ్ల మనిషి. రోజుకి మూడు పరుపులు అయ్యేచోట ఒకటి కావడమే గగనమైంది. పరుపులవాళ్లు రుసరుసలాడారు. పడ్డాడు.

పక్కీరప్ప మాత్రం కొట్టంలో అడుగు పెట్టడం మానేశాడు. బయట ఎండలో చాప వేసుకుని, వాకిలి వంకే చూస్తూ కుట్టేవాడు. సూది వేళ్లకి గుచ్చుకునేది.

"కాల్చేద్దాం సామీ" అన్నాడు ఒకరోజు.

"దూదికొట్టంలో నిప్పా?" అన్నాడు సామి.

ఆ మాట అనక్కర్లేదు, పక్కీరప్పకీ తెలుసు. ఆ కొట్టానికి వచ్చేవాళ్లు బీడీ, అగ్గిపెట్టె బయట గోడ మీద పెట్టి గాని లోపలికి రారు. పైన కప్పుకి బోదగడ్డి, కింద దూది. ఒక్క రవ్వ చాలు.

"మరేం చేద్దాం?"

"చలి ముదిరితే వాటంతట అవే పోతాయి. రెండు నెలలు ఓర్చుకుందాం."

"ఈలోగా కుడితే?"

"కుడితే కుడతాయిరా."

సామి ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే పక్కీరప్పకి వెన్ను జలదరించింది. కట్టు ఉన్నవాడు, అంటాడు, మా సంగతేంటి అనుకున్నాడు.

కొట్టంలో ఇంకో మనిషి ఉంది. సామి భార్య జమాలమ్మ. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఒక్కతే ఇంట్లో ఉండలేనని పోరు పెడితే మంచం తెచ్చి కొట్టంలోనే వేశారు. ఎడమచేత్తో దూదిలో గింజలూ పుల్లలూ ఏరుతూ, వచ్చేపోయేవాళ్లని ఆటపట్టిస్తూ ఉండేది. మంచం కాళ్లవైపు వాకిలికి దగ్గర, తుట్టె కిందే.

"అమ్మా, మంచం అయినా జరుపుకుందాం" అంటే నవ్వేది. "ఎందుకురా? అవి నా జోలికి రావు. లేచి తరమలేనని వాటికీ తెలిసిపోయింది."

ఒక మధ్యాహ్నం పక్కీరప్ప గడప అవతల నుంచి ఆమెకి నీళ్ల చెంబు అందించబోయాడు. జమాలమ్మ కుడిచెయ్యి మంచం మీద వాలిపోయి ఉంది. దాని మీద ఒక కందిరీగ నడుస్తోంది. వేళ్ల మీంచి మణికట్టు మీదికి, మణికట్టు మీంచి మోచేతి మీదికి. ఆమెకి తెలియడం లేదు. అవతలికి చూస్తూ ఏవో కబుర్లు చెబుతోంది. చెంబు అక్కడే పెట్టేసి వెనక్కి వచ్చేశాడు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

కాల్చాల్సిందే అనుకున్నాడు. అమ్మ కోసం కాల్చాలి అనుకున్నాడు. ఎవరి కోసమో వాడికి తెలియకనా!

శుక్రవారం వచ్చింది. సామి తెల్లచొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని జుమ్మా నమాజుకి బయల్దేరాడు. పోతూ పోతూ, "అమ్మ దగ్గర ఉండు, వస్తా" అన్నాడు.

సామి సందు మలుపు తిరిగేదాకా చూశాడు పక్కీరప్ప. చాలాసేపు వాకిట్లో తచ్చాడాడు. చివరికి పొడుగాటి వెదురుకి గోనెపట్టా చుట్టాడు. కిరసనాయిలు పోశాడు. సగం నేలపాలయింది.

"ఏందిరా ఆ వాసన?" అంది జమాలమ్మ లోపల్నించి.

గోడ మీంచి ఎవరిదో అగ్గిపెట్టె తీసుకున్నాడు. మూడో పుల్లకి అంటుకుంది. గోనె భగ్గుమంది. కర్ర పట్టుకుని గడప దగ్గర నిలబడి పైకెత్తాడు.

"ఒరే! నీకేమన్నా మతి పోయిందా? దూదిరా! నేను లేవలేనురా పక్కీరా!"

అప్పుడు చూశాడు. మంట నాలుక బోదగడ్డికి జానెడు దూరంలో ఉంది. ఆమె కాళ్ల కింద దూది పొర్లి గడప దాకా వచ్చి ఉంది. పొగకి తుట్టె మీద నల్లగా కదలిక మొదలైంది. ఒకటి, రెండు, నాలుగు, ఇక లెక్కలేదు. ఒకటి వచ్చి చెవి మీద కుట్టింది.

కర్రని వెనక్కి విసిరేశాడు. అది వాననీళ్లు నిలిచిన గుంటలో పడి చుయ్యిమని ఆరిపోయింది. ఆ మాత్రం బుద్ధి మిగిలింది, నయం. అంతలోనే కాళ్లు పరుగందుకున్నాయి.

సందు చివరిదాకా పరిగెత్తాడు. వెనక నుంచి జమాలమ్మ కేక పెడుతుందని చెవులు రిక్కించి వింటున్నాడు. కేక పెట్టలేదు. పిలవలేదు. ఏ చప్పుడూ లేదు. అదే అతన్ని ఆపింది. సందు మధ్యలో నిలబడిపోయాడు. ముందుకూ పోలేడు, వెనక్కీ పోలేడు. గోడ పట్టుకుని ఏడ్చాడు.

ఎదురుగా సామి వస్తున్నాడు. నమాజు అయిపోయింది. ఇతని వాచిన చెవి చూశాడు, చేతుల కిరసనాయిలు వాసన పట్టాడు.

"పరిగెత్తొద్దు. నా వెనకాల నడువు" అన్నాడు.

సామి నడిచాడు. వేగంగానే, పరుగు కాకుండా. పక్కీరప్ప పది అడుగులు వెనకబడి నడిచాడు. కొట్టం దగ్గరికి వచ్చేసరికి జుయ్యిమనే మోత వీధిలోకే వినబడుతోంది. వాకిట్లో గాలంతా కందిరీగలే. సామి తల కాస్త వంచి వాటి మధ్యలోంచి లోపలికి పోయాడు.

జమాలమ్మ ఎడమచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని, పళ్లు బిగించి పడుకుని ఉంది. కదిలితే ఇంకా మీద పడతాయని ఆమెకి తెలుసు. సామి మంచం కింద మడిచి ఉన్న బొంత తీశాడు. మెల్లగా, పసిబిడ్డకి కప్పినట్టు, తల మీదుగా కప్పి, ముక్కు దగ్గర గాలి ఆడేంత సందు వదిలాడు. ఆమె తల పక్కన మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆ సందుకి తన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇక కదల్లేదు.

కందిరీగలు ఆయన టోపీ మీద వాలాయి. గడ్డం మీద నడిచాయి.

"రా" అన్నాడు, అటు తిరక్కుండానే.

పక్కీరప్ప గడపలో నిలబడ్డాడు. గడప దాటడానికి తనకి ఎంతసేపు పట్టిందో చెప్పలేనన్నాడు నాతో. కళ్లు సగం మూసుకుని, ఊపిరి బిగబట్టి, గోడ వెంబడి ఒక్కో అడుగే వేసి సామి కాళ్ల దగ్గరికి చేరి, మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు.

తల ఎత్తి చూస్తే సామి కుడికన్ను మూసుకుపోయి ఉంది. రెప్ప మీద కుట్టింది. పెదవి కూడా వాచింది. మరి ఆ కట్టు ఏదీ?

"సామీ" అన్నాడు గుసగుసగా, "ఆ మంత్రమేదో ఇప్పుడన్నా చదువు సామీ. నీకైతే భయం లేదు. నా వల్ల కావడం లేదు. చచ్చిపోతా."

సామి ఖాళీగా ఉన్న చేత్తో పక్కీరప్ప చెయ్యి అందుకున్నాడు. దాన్ని తన చొక్కా లోపలికి తీసుకుపోయి గుండె మీద పెట్టుకున్నాడు.

చొక్కా కింద ఒళ్లంతా చెమటతో తడిసి ముద్దయి ఉంది. గుండె దడదడలాడుతోంది. ఎముకలు పగులుతాయేమో అన్నంత గట్టిగా కొట్టుకుంటోంది. పక్కీరప్ప గుండె కూడా అంతే. రెండింట్లో ఏది ఎవరిదో తెలియలేదు.

పక్కీరప్ప నోరు తెరుచుకుని ఆయన ముఖంలోకి చూశాడు.

"నీకూనా?"

"ఎప్పుడూ ఇంతేరా" అన్నాడు సామి, వాచిన పెదవి కదిలీ కదలకుండా. "అమ్మ కాళ్లు బయటున్నాయి. కప్పు."

బొంత పైకి లాగడంలో ఆ చివర జమాలమ్మ పాదాలు రెండూ బయటపడ్డాయి. తుట్టె వాటికి సరిగ్గా పైన ఉంది.

పక్కీరప్ప సామి గుండె మీంచి చెయ్యి తీసుకున్నాడు. లేచాడు. మంచం పట్టె పట్టుకుని ఆ చివరికి నడిచాడు. వంగి, బొంత అంచు రెండు చేతులా అందుకుని, నెమ్మదిగా కిందికి లాగాడు. మణికట్టు మీద ఒకటి వాలింది. కుట్టింది. అతను అంచు వదల్లేదు. ఒక పాదం కప్పాడు. తర్వాత రెండోది కప్పాడు.