మాంత్రికుడి ముందు ఒకే ఒక్క వాక్యం

అనగనగా కంకణపురానికో రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ఘటోదరుడనే మాంత్రికుడు వేరే దేశపు రాజకుమారి కనకాంగిని బంధించాడు. వాడికి ఇంగ్లీషు పిచ్చి. ఎవరొచ్చినా ఇంగ్లీషులోనే మొరపెట్టుకోవాలి. వాక్యం నడుస్తున్నంతసేపూ వాడు కదలకూడదు, కదిలితే మంత్రాలు పోతాయని గురువు ఒట్టు వేయించుకున్నాడు. వాక్యం ముగిసిందా, ఎదుటి మనిషి రాయే!

ఆమెను విడిపించడానికి పెద్దవాడు వెళ్లి "ఐ కేమ్" అన్నాడు, రాయయ్యాడు. రెండోవాడు వెళ్లి "గివ్ గర్ల్" అన్నాడు, రాయయ్యాడు. ఏం చదువులో ఏమో! నవ్వకండి, మీదీ అంతే.

మూడోవాడు మణిధరుడు, అన్నల కోసం ఓ ముసలి తాబేలు వీపెక్కి బయలుదేరాడు. ఆ తాబేలుకి ఇంగ్లీషొచ్చు, ఓపిక లేదు.

"వాడి ప్రాణం సింహాసనం వెనక పంజరంలోని చిలకలో ఉంది నాయనా. గుమ్మం నుంచి అక్కడికి వంద అడుగులు. అందాకా నీ వాక్యం ఆగకూడదు. కలపడానికి అండ్, అడ్డం తిరగడానికి బట్, ఎందుకో చెప్పడానికి బికాజ్. ఏదీ, ఒకటి చెప్పు."

"ఐ యామ్ హంగ్రీ బికాజ్ ఐ ఏట్."

"తింటే ఆకలెందుకేస్తుందయ్యా! బట్ అను, బట్!"

రెండో సముద్రంలో "ఐ యామ్ వెట్ బట్ ఐ ఫెల్" అన్నాడు. తాబేలు తల డొప్పలోకి లాక్కుని చాలాసేపు బయటికి రాలేదు. ఏడో సముద్రం దాటేసరికి ఎలాగో దారిలో పడ్డాడు.

గుమ్మంలో మొదలెట్టాడు. "ఐ కేమ్ బికాజ్ మై బ్రదర్స్ ఆర్ హియర్, బట్ దే ఆర్ స్టోన్స్, అండ్..." మాటకో అడుగు వేశాడు. ఘటోదరుడు పళ్లు నూరాడు. "ఎప్పటికవుతుందిరా వీడి గోల!" అని లోలోపలే కుతకుతలాడాడు.

తొంభయ్యో అడుగులో మణిధరుడికి చెప్పడానికేమీ మిగల్లేదు. పక్కనే రాళ్లయిన అన్నలు కనిపించారు.

"బట్ ఐ యామ్ అఫ్రెయిడ్, బికాజ్ ఐ యామ్ ది యంగెస్ట్, అండ్ దే ఆల్వేస్ క్యారీడ్ మీ, అండ్..."

అంటూనే పంజరం తెరిచి చిలక మెడ నులిమాడు. ఘటోదరుడు ఉన్నచోటే కూలిపోయాడు.

రాళ్లు కదిలాయి. "ఒక్కడివే ఇంతదూరం ఎలా వచ్చావురా?" అన్నాడు పెద్దన్న. మణిధరుడు అన్నలిద్దర్నీ వాటేసుకుని భోరుమన్నాడు.

తర్వాత కనకాంగిని పెళ్లాడి, అన్నల్ని చెరోపక్క కూర్చోబెట్టుకుని, అరవై ఏళ్లు చల్లగా రాజ్యమేలాడు.