బూడిదమ్మ రెక్కల కింద బంగారు పిల్లలు

కోళ్లు మాట్లాడితే కూర్చొని వినే తీరిక మనుషులకు ఉన్న రోజులవి. ఆ రోజుల్లో, పైడికొండ సంస్థానంలో, ఒక వాగు ఒడ్డున, నాంచారమ్మ అనే ఆవిడ కోళ్లు పెంచుకుంటూ ఉండేది.

ఆవిడకు ఉన్నది ఒక తాటాకు ఇల్లు, ఇంటి వెనుక పెరడు, పెరట్లో ఏడు కోళ్లు, ఒక పాడిమేక. కోళ్లన్నిటిలోకీ పెద్దది బూడిదమ్మ. దాని రంగు బూడిద రంగు. ఒక కాలు కాస్త ఈడ్చి నడిచేది. నోరు మాత్రం పెద్దది. తక్కిన ఆరూ దాని కూతుళ్లూ, మనుమరాళ్లూ.

ఆ ఊరిలో పెట్టలను పాలికి ఇవ్వడం ఆచారం. కొత్తగా కాపురం పెట్టినవారికి నాంచారమ్మ ఒక పెట్టను ఇచ్చేది. వారు దాన్ని సాకి, గుడ్లు పొదిగించి, పుట్టిన పిల్లల్లో సగం తెచ్చి ఆవిడకు అప్పగించేవారు. తక్కిన సగం వారివి. ఆ విధంగా ఊరిలో ఏ గుమ్మం ముందు కోడి గింజ ఏరుకున్నా అది బూడిదమ్మ వంశమే.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క వాగు తప్ప. ఏటేటా వానలకు వాగు పొంగి పెరటిని కొరుక్కు తినేది. నాంచారమ్మ కాపురానికి వచ్చిన ఏడు, ఇంటి గోడకూ వాగు గట్టుకూ నడుమ ముప్పై బారలు. ఇప్పుడు మూడు బారలు. ఈ ఏటి వానలు ఎలాగో గడిచినా, వచ్చే ఏటి వానలకు ఇల్లు వాగులోకి దిగుతుందని ఆవిడకు తెలుసు. ఎవరికీ చెప్పుకోలేదు. రోజూ పొద్దున్నే లేచి, చేతులు చాచి బారలు కొలిచి, ఆ తరువాత కోళ్లకు నూకలు చల్లేది.

ఆషాఢ మాసంలో రాణి మధుమతీదేవి చాటింపు వేయించింది. కోట తోటలోని కోళ్లను సాకడానికి తగిన మనిషి కావాలి. కార్తీక పున్నమి నాటి ఉదయం, అన్నిటికన్నా మేలైన కోడిని పిల్లలతో సహా తెచ్చినవారికి ఆ కొలువు దక్కుతుంది. కొలువుతో పాటు గుట్ట మీద మాన్యం, అందులో రాతి పునాదుల ఇల్లు.

డప్పు కొట్టినవాడు ఇంకా ఏమేమో చెప్పాడు. నాంచారమ్మ చెవి మాత్రం "గుట్ట మీద" అన్న మాట దగ్గరే ఆగిపోయింది. ఏ వాగు గుట్ట ఎక్కగలదు?

సరిగ్గా ఆ వారమే ఓడరేవు నుంచి మాణిక్యప్ప అనే వర్తకుడు ఎద్దుబండి తోలుకొని వచ్చాడు. బండిలో వెదురు పంజరం, పంజరంలో ఒక పుంజు, ఒక పెట్ట. రెండింటి ఒళ్లూ పుత్తడి రంగు. తలల మీద పసుపు కుచ్చులు. పాదాల మీద కూడా ఈకలే, పట్టు మేజోళ్లు తొడిగినట్టు. ఆ జాతి పేరు హేమచూడమనీ, దూరపు దీవుల్లో తప్ప దొరకదనీ, చూసిన రాజులందరూ ముచ్చటపడ్డారనీ వర్తకుడు చెప్పాడు. పెట్ట వారానికి అయిదు గుడ్లు పెడుతుందనీ చెప్పాడు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు. అడగనిది చెప్పలేదు, అంతే.

నాంచారమ్మ ఆ పక్షులను చూసింది. వాగును చూసింది. బేరానికి కూర్చుంది.

ఆరు కోళ్లూ, పాడిమేకా ఇస్తే జతను ఇస్తానన్నాడు వర్తకుడు. మేకను వదులుకోవడానికి ఆవిడకు మనసొప్పలేదు. మేకకు బదులు బూడిదమ్మను తీసుకోమని అడిగింది. మాణిక్యప్ప ముసలి కోడిని ఎగాదిగా చూసి నవ్వాడు.

"ఈ ముత్తవ్వను మోయడానికి నా ఎద్దులు ఒప్పుకోవు తల్లీ," అన్నాడు.

చివరికి మేకే పోయింది. ఆరు కోళ్లూ గంపలోకి ఎక్కాయి. బూడిదమ్మ కంచె పక్కన నిలబడి, బండి మలుపు తిరిగేవరకూ చూసి, ఒక్క మాటా అనకుండా పొయ్యి వెనక్కి వెళ్లి కూర్చుంది. పెద్ద నోరున్న కోడి మౌనంగా ఉండటం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

పక్కింటి సూరాంబ కంచె మీదుగా తొంగిచూసింది. "వదినా, ఇది గుడ్లు పెడుతుందా, నగలు పెడుతుందా?" అని అడిగింది. నాంచారమ్మ నవ్వి, పెట్టకు నూకలు చల్లింది.

బంగారు పెట్ట గుడ్లు పెట్టింది. నిజంగానే పెట్టింది. నిమ్మపండు చాయ గుడ్లు, ఒకటి కంచె మూల, ఒకటి తులసికోట దగ్గర, ఒకటి నడిదారిలో. పెట్టడం, తల ఎత్తుకొని వెళ్లిపోవడం. వెనక్కి తిరిగి చూడటం దానికి తెలియదు. పదమూడు గుడ్లు కాగానే నాంచారమ్మ గంపలో గడ్డి పరిచి, గుడ్లు పేర్చి, పెట్టను ఎత్తి వాటి మీద కూర్చోబెట్టింది. అది లేచింది. మళ్లీ కూర్చోబెట్టింది. మళ్లీ లేచింది. మూడోసారి గుడ్డు మీద కాలేసి మరీ లేచింది. ఇరవై ఒక్క రోజుల తరువాత గుడ్లు ఎత్తి చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలాయి. అన్నీ మురిగిపోయాయి.

"ఎందుకమ్మా కూర్చోవు?" అని నాంచారమ్మ పెట్టను మెల్లగా అడిగింది.

బంగారు పెట్టకు పొగరు లేదు పాపం. కుచ్చు వంచి జవాబు చెప్పింది. "మమ్మల్ని ఏ తల్లీ పొదగలేదమ్మా. వేడి ఊక నింపిన పెట్టెలో కళ్లు తెరిచాం. గుడ్డు పెట్టడం వరకే నాకు తెలుసు. ఆ తరువాత ఏం చేయాలో నాకెవరూ చూపలేదు."

నాంచారమ్మకు దాని మీద కోపం రాలేదు. తన మీద వచ్చింది. కోడిని కొనేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఏమిటో నలభై ఏళ్లుగా తెలిసిన మనిషి, ఈకలు చూసి ఆ ఒక్క ప్రశ్నే మరిచిపోయింది.

రెండోసారి ఆవిడే తల్లి అయింది. గంపలో ఊక పోసి, నడుమ వేడినీళ్ల ముంత ఉంచి, గుడ్లను చుట్టూ అమర్చి, పూటకోసారి ఒక్కొక్కటే తిప్పింది. పొరుగూరికి పెళ్లికి కూడా వెళ్లలేదు. నగలు ఇంకా దిగలేదా అని సూరాంబ రోజూ అడుగుతూనే ఉంది. ఇరవై రెండో నాడు పదమూడింటిలో మూడు పగిలాయి. మూడు పసుపు పిల్లలు. నాంచారమ్మ వాటిని అరచేతిలో పెట్టుకొని చాలాసేపు కింద దించలేదు.

అయితే పిల్లను పుట్టించడం వేరు, పెంచడం వేరు. ఆకాశంలో గద్ద తిరిగితే ఆ పిల్లలు దాన్ని చూసి ముచ్చటపడ్డాయి. వాన వస్తే వానలోనే నిలబడ్డాయి. బంగారు పెట్ట పక్కనే ఉంది గానీ, పిలవడానికి దానికి పిలుపే రాదు. ఒకటి గద్దపాలు, ఒకటి వానపాలు, ఒకటి పిల్లిపాలు అయ్యాయి. ఆ వానకే పెరట్లో ఇంకొక బార వాగులో కలిసింది. ఇక మిగిలింది రెండు బారలు.

ఆశ్వయుజం వచ్చేసరికి మూడో విడత గుడ్లు చేరాయి. నాంచారమ్మ వాటిని కొంగులో వేసుకొని పొయ్యి వెనక్కి వెళ్లి, బూడిదమ్మ ముందు కూర్చుంది. కొంగు తెరిచి గుడ్లు చూపింది.

బూడిదమ్మ గుడ్ల వంక చూడలేదు. ఆవిడ ముఖం వంక చూసింది.

"ఆ రోజు నన్ను కూడా ఇచ్చేశావు," అంది. "ఆయన వద్దన్నాడు గనుక ఉన్నాను."

నాంచారమ్మ తల వంచుకుంది. కళ్ల నుంచి ఒక చుక్క గుడ్డు మీద పడితే, కొంగుతో తుడిచింది. కోడి తన కాలి గోరు చూసుకుంది.

"గంపను గాలి తగలని మూల పెట్టు," అంది చివరికి. "పాత గడ్డి వేయకు, గుచ్చుకుంటుంది. ఆ గుడ్లు అలా కొంగులో చల్లబెట్టకు. ఇన్నేళ్లు కోళ్లు పెంచావు, ఏం లాభం?"

నాంచారమ్మ తన మెత్తని నేతచీర చించి గంపలో పరిచింది. బూడిదమ్మ ఎక్కి, ముక్కుతో గుడ్లను ఒక్కొక్కటిగా కిందికి లాక్కొని, ఒళ్లంతా ఉబ్బించుకొని కూర్చుంది. ఇరవై ఒక్క రోజుల్లో అది రోజుకొక్కసారే దిగేది. నాలుగు గింజలు తిని, రెండు గుక్కలు తాగి, ఎవరో తిట్టినట్టు పరుగున వెనక్కి వచ్చేది. బంగారు పెట్ట దూరంగా నిలబడి చూసేది. తరువాత కొంచెం దగ్గరగా నిలబడి చూసేది.

పదమూడింటికి పదమూడూ పగిలాయి. పదమూడు పసుపు బంతులు బూడిద రంగు రెక్కల కింద నుంచి తలలు బయటపెట్టాయి. బూడిదమ్మ వాటికి మూడు మాటలు నేర్పింది. గింజ దొరికితే ఒక మాట, దగ్గరకు రమ్మనడానికి ఒక మాట, గద్ద వస్తే ఒక మాట. మూడో మాట వింటే మాత్రం మారు అడగకూడదు.

కార్తీక పున్నమి ఉదయానికి కోట తోట నిండిపోయింది. రాణి మనుషులు ఏరగా ఏరగా చివరకు ముగ్గురి కోళ్లే మిగిలాయి. మొదట ఒక దేశాయి వెండి పంజరంలో హేమచూడాన్ని తెచ్చాడు. తరువాత ఒక పూలవర్తకుడు మల్లెల పందిరి కింద హేమచూడాన్ని తెచ్చాడు. రెండూ మాణిక్యప్ప దగ్గర కొన్నవే. రెండింటి పిల్లలనూ పనివారు ఊకలో పొదిగించారు. ఆఖరున నాంచారమ్మ గంప దించింది. బంగారు పెట్ట, పదమూడు బంగారు పిల్లలు, వాటి నడుమ కాలు ఈడుస్తూ ఒక ముసలి కోడి. చూసినవారు పంటి బిగువున నవ్వు ఆపుకున్నారు.

రాణి ఎవరినీ ఏ ప్రశ్నా అడగలేదు. తోటమాలికి కనుసైగ చేసింది. అతడు గోడ వెనుక నుంచి పొడవాటి వెదురు గడ పైకెత్తాడు. గడ చివర నల్లని గుడ్డతో కుట్టిన గద్ద ఉంది. దాని నీడ తోట మీదుగా జారింది.

దేశాయి పిల్లలు జనం కాళ్ల కిందికి చెదిరిపోయాయి. పూలవర్తకుడి పిల్లలు గింజల మీద నుంచి తల కూడా ఎత్తలేదు. వాటి బంగారు తల్లులు ఎటు పోయాయో ఎవరికీ కనబడలేదు.

బూడిదమ్మ మూడో మాట అంది.

పదమూడు పిల్లలూ క్షణంలో మాయమయ్యాయి. కోడి మాత్రం గడ్డి కుప్పలా విచ్చుకొని, కన్నార్పకుండా పైకి చూస్తూ ఉంది. అంతలో బంగారు పెట్ట కూడా పరుగున వచ్చి, ఆ ముసలి రెక్క కింద దూరబోయింది. తల ఒక్కటే పట్టింది. కుచ్చు లోపల, పట్టు మేజోళ్లు బయట. రాణి చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"ఈ పిల్లలకు తల్లి ఏది?" అని నాంచారమ్మను అడిగింది.

గుంపులో నిలబడిన మాణిక్యప్ప ఆవిడ చెవిలో గొణిగాడు. బంగారు దాన్నే చూపించమనీ, మేలుజాతి అంటే మాన్యం ఆవిడదేననీ, నాటుకోడి పేరెత్తితే చేతికొచ్చింది జారిపోతుందనీ. నాంచారమ్మకు పెరడు కళ్లముందు కదిలింది. పొద్దున బయలుదేరేముందు కొలిచి వచ్చింది, ఒకటిన్నర బార.

"గుడ్డు బంగారు దానిది దేవీ," అంది ఆవిడ. "పొదిగిందీ పెంచిందీ ఈ నాటుకోడి. దీన్ని నేను బేరంలో ఇచ్చేయబోయాను. వర్తకుడు వద్దన్నాడు గనుక నాకు దక్కింది. అందులో నా గొప్పతనం ఏమీ లేదు."

రాణి ఇంకొక ప్రశ్న అడిగింది. అలాగైతే అరుదైన జాతులను కొనడమే తప్పా?

నాంచారమ్మ ఆలోచించి చెప్పింది. "కొనవచ్చు దేవీ. చూడముచ్చటైనది ఇంట్లో ఉండటం తప్పు కాదు. కానీ ముందుగా ఇంట్లో ఒక పొదిగే కోడి ఉండాలి."

రాణి మాణిక్యప్పను పిలిచి, ఈ జాతి పొదగదని తెలుసా అని అడిగింది. తెలుసుననీ, ఎవరూ అడగలేదనీ అతడు మనవి చేసుకున్నాడు. ఇకమీదట ఏ ఊరిలో బండి ఆపినా అడగకముందే చెప్పాలని రాణి ఆజ్ఞాపించింది. అతడు సిగ్గుపడి పాడిమేకను తోలుకొచ్చి తిరిగి ఇచ్చాడు. ఆరు కోళ్లూ అప్పటికే ఏడు ఊళ్ల అవతల అమ్ముడుపోయాయి.

కొలువూ, గుట్ట మీది మాన్యమూ నాంచారమ్మకు దక్కాయి. సామాను గుట్ట ఎక్కిన రోజున గుమ్మం ముందు మొదట సూరాంబ వచ్చి నిలబడింది. చంకలో ఒక బూడిద రంగు కోడిపిల్ల. "నగలు లేవు వదినా, ఇదే ఉంది," అంటూ చేతిలో పెట్టింది. ఆవిడ వెనుక ఊరు ఊరంతా, ఇంటికొక పిల్ల చొప్పున. ఒకనాడు పాలికి ఇచ్చినదంతా ఆ సాయంకాలానికి పెరటినిండా తిరుగుతోంది. నాంచారమ్మ ఏదీ లెక్కపెట్టలేదు. బారలు కొలవడం కూడా ఆ రోజుతో మానేసింది.

మరుసటి ఏడు, బంగారు పిల్లలు పెట్టలయ్యాయి. వాటిలో మూడు, ఎవరూ చెప్పకుండానే, గుడ్లు పెట్టిన చోటే ఒళ్లు ఉబ్బించుకొని కూర్చున్నాయి. బూడిదమ్మ వాటి చుట్టూ కాలు ఈడుస్తూ తిరిగి, గడ్డి బాగా వేయలేదని నాంచారమ్మకు చీవాట్లు పెట్టింది.

అరుదైనదాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు పిల్లలూ, కానీ దాన్ని సాకగలిగిన పాతదాన్ని వదులుకొని మాత్రం తెచ్చుకోరాదు.