పాలపిట్ట కళ్ళు

అనగనగా, అనగనగా, కాలవ గట్టున ఒక ఊళ్ళో మౌనాచారి అని బంగారప్పని చేసే ఒకాయన ఉండేవాడు. ఊఁ కొడుతూ వినమ్మా, ఊఁ కొట్టకపోతే మధ్యలో ఆపేస్తాను. ఆయన భార్య గోవిందమ్మ. కూతురు కనకం, ఏడేళ్ళది. కొడుకు వీరయ్య, మూడేళ్ళ బుడంకాయ.

పిల్లల్ని కూర్చోబెట్టి ఊరికే పాఠం చెప్పడం గోవిందమ్మకి నచ్చేది కాదు. తడి బియ్యప్పిండి, పంచదార పాకం కలిపి చలిమిడి చేసేది. పిల్లలకి తలా ఒక ముద్ద ఇచ్చేది. వాళ్ళు దాంతో పిట్టలు చెయ్యాలి. కొబ్బరి పలుకుతో ముక్కు, జీడిపప్పులతో రెక్కలు, నల్ల నువ్వులతో కళ్ళు. నీలం రంగు కావాలంటే శంఖుపూలు నానేసిన నీళ్ళు.

పిట్ట చేశాం కదా అని గుటుక్కున మింగెయ్యడానికి లేదు. దాని పేరేంటి, గూడెక్కడ పెడుతుంది, ఏం తింటుంది, ఈ మూడూ చెప్పాకే తినాలి. వీరయ్యగాడు నోరూరిపోయి చొంగ కార్చుకునేవాడు గానీ, చెప్పకుండా ఒక్క ముక్క ముట్టుకునేవాడు కాదు. అంత బుద్ధిమంతుడు! నీలాగా కాదులే.

ఇంకో మాట కూడా చెప్పేది గోవిందమ్మ. "పిట్టకి ఏం పెట్టినా సరే, అది మనం తినేదే అయ్యుండాలర్రా."

ఒకరోజు కనకం పాలపిట్ట చేసింది. రెక్కలకి నీలం పూసింది. ఎంత బాగా కుదిరిందనుకున్నావ్! కళ్ళే నచ్చలేదు దానికి. నువ్వుగింజలు పెడితే కళ్ళున్నట్టే లేదు. అప్పుడు నాన్న గురివింద గింజల డబ్బా గుర్తొచ్చింది. ఎర్రగా, నున్నగా, కొసన నల్లటి చుక్క. అచ్చం కళ్ళే! బంగారం తూచడానికి వాడే గింజలవి. "వీటి జోలికి రాకండి, కొరికితే ప్రాణం పోతుంది" అని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. అయినా ఏమనుకుందీ పిల్ల? నేను తినను కదా, దాచుకుంటాను కదా అనుకుంది. ఇంట్లో ఉన్న డబ్బాలోంచి చప్పుడు కాకుండా రెండు గింజలు తీసి గుచ్చేసింది. పిట్టని అలమరలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళింది.

తిరిగొచ్చి చూస్తే పిట్ట లేదు. అలమర కింద పీట వేసి ఉంది. వీరయ్య లేడు.

కనకం "అమ్మా" అని పిలవబోయింది. పిలిస్తే డబ్బా సంగతి చెప్పాలి. చెబితే నాన్న వీపు చీరేస్తాడు. నోరు మూసుకుని వీధిలోకి పరిగెత్తింది.

పక్కింటి మాణిక్యమత్త బట్టలారేస్తోంది. "అత్తా, మా తమ్ముడొచ్చాడా?" అంది కనకం.

"ఇప్పుడే వెళ్ళాడే. చేతిలో పిట్టేదో పట్టుకుని పేరు చెప్పమన్నాడు. పాలపిట్టరా నాయనా అని చెప్పా. అదేంటే, అలా చెమటలు పట్టాయి?"

"ఏం లేదత్తా" అని మళ్ళీ పరుగు. అప్పుడర్థమైంది దానికి. పేరు తెలిసిపోయింది. ఇంక రెండే మిగిలాయి.

ఆ తర్వాత పేరయ్య తాత అరుగు. తాత మంచానికి నులక బిగిస్తున్నాడు. కనకం అడిగీ అడగకముందే నవ్వాడు. "మీ బుడతడా? గూడెక్కడ పెడుతుందన్నాడు. చెట్టు తొర్రలో అని చెప్పా. ఏం తింటుందన్నాడు. నాకేం తెలుసురా, మీ నాన్ననడుగు పో అన్నా."

అమ్మో అనుకుంది కనకం. నాన్నకి తెలియనిదేముంది? అడగడం ఆలస్యం, చెప్పేస్తాడు. అప్పుడైనా తాతకి సంగతి చెప్పొచ్చు కదా? చెప్పలేకపోయింది. ఏడుస్తూ నాన్న కొట్టు వైపు పరిగెత్తింది.

ఏంటీ, లేచి కూర్చున్నావ్? దుప్పటి కప్పుకో ముందు. చెప్తాను, ఎక్కడికీ పోను.

కొట్లో మౌనాచారి తక్కెడ ఎత్తి పట్టుకున్నాడు. తూకం వేసేటప్పుడు ఆయన ఎవరితోనూ మాట్లాడడు. ఎదురుగా వీరయ్య నిలబడి, పిట్టని గుండెకి ఆనించుకుని, "నాన్నా, పాలపిట్ట ఏం తింటుంది? చెప్పు నాన్నా" అని ప్రాణం తీస్తున్నాడు. పిట్ట మొహం వాడి గుండె వైపుంది, దాని కళ్ళు ఆయనకి కనబడవు కదా. తూకం అయింది. తక్కెడ దించాడు.

కనకం గుమ్మంలో అడుగు పెట్టేసరికి ఆయన అననే అన్నాడు. "మిడతల్ని తింటుందిరా నాన్నా."

వీరయ్య మొహం వెలిగిపోయింది. "పాలపిట్ట! తొర్ర! మిడతలు!" అన్నాడు. నోరు పెద్దగా తెరిచి పిట్ట తల లోపల పెట్టుకున్నాడు.

"వద్దురా! కొరక్కు!" కనకం కేక పెట్టింది. "నాన్నా, దాని కళ్ళు గురివింద గింజలు! నేనే తీశాను! డబ్బాలోంచి నేనే తీశాను!"

తక్కెడ ఖంగుమని కింద పడింది. మౌనాచారి ఒక్క ఉదుటున లేచి పిల్లాడి దవడ పట్టేశాడు. పిట్టని లాగేశాడు. తల మాత్రం సగం విరిగి వాడి నోట్లోనే ఉండిపోయింది. నోట్లో వేలు పెట్టి పిండంతా తోడేశాడు. దాంతోపాటు ఒక గింజ బయటికొచ్చింది.

"ఇంకోటేదే?"

వీరయ్య గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. కనకం నేల మీద చతికిలబడి, నాన్న లాగేసిన పిట్టని తీసుకుని పిండంతా చిదిపి చిదిపి చూసింది. నీలం రెక్క కింద నొక్కుకుపోయి కనబడింది రెండో గింజ. మౌనాచారి రెంటినీ వెలుతురుకి ఎత్తి పట్టి, తిప్పి తిప్పి చూశాడు. చిన్న గాటు కూడా పడలేదు.

వీపు మీద దెబ్బ పడుతుందని కనకం కళ్ళు మూసుకుంది. దెబ్బ పడలేదు. నాన్న ఇద్దర్నీ ఒళ్ళోకి లాక్కున్నాడు. "నువ్వు నోరు విప్పావు గనక సరిపోయింది తల్లీ. విప్పకపోయుంటేనో?" అన్నాడు. ఆరోజు ఇంక తక్కెడ ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఇంట్లో డబ్బాకి తాళం పడింది. సాయంత్రం కనకం తమ్ముడికి ఇంకో పాలపిట్ట చేసింది. నువ్వుగింజలే పెట్టింది, చిన్న చిన్న కళ్ళు. వీరయ్య దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పేరు చెప్పాడు, గూడు చెప్పాడు, తిండి చెప్పాడు. అయినా తినలేదు. ముందు అక్క మొహం కేసి చూసి అడిగాడు.

"అక్కా, కళ్ళేంటి?"

"నువ్వులురా" అంది కనకం. వాడి చేతిలో పిట్టని ముందు తనే కాస్త కొరికి తింది. అప్పుడు తిన్నాడు వాడు.

అదమ్మా సంగతి.

పాలపిట్ట తొర్రకి,
పసివాడు పక్కకి,
చెప్పిన కథ కంచికి,
చిన్నారి కళ్ళు నిద్రకి.