తెల్లమట్టి కలిపిన మేత

కొండవాగు పక్కన ఓ కోళ్ల దొడ్డి. అందులో మొక్కజొన్న గింజలు దాచిన తాటాకు కొట్టం, దాని పక్కనే ఎత్తయిన పందిరి. నక్క అలికిడైతే చాలు, కోళ్లన్నీ రివ్వున పందిరెక్కేవి. అందుకే మూడేళ్లుగా కంచె చుట్టూ తిరుగుతున్నా నక్క గుంటయ్యకి ఒక్క ఈకైనా దక్కలేదు.

ఆ ఏడు వానల్లో గుంటయ్య కొట్టం మీది తాటాకులు నాలుగు లాగి పారేశాడు. గింజలు నానాయి. వారం తిరిగేసరికి పచ్చగా బూజు పట్టాయి.

"ముక్కవాసన వస్తోంది, తినొద్దర్రా!" అంది ముసలి పెట్ట బూడిదమ్మ.

కంచె అవతలనించి గుంటయ్య అందుకున్నాడు. "అయ్యో పుంజుగారూ! నానిన గింజ పిల్లల గొంతుకి ఎంత హాయి! తమంతటివారు ఉండగా ఈ ముసలమ్మ భయాలేమిటండీ?"

పుంజు అబ్రాసు మెడ నిక్కించాడు. "అదీ నిజమే. తినండర్రా!"

తిన్నాయి. పదిరోజుల్లో గుడ్లు సగానికి పడిపోయాయి. రెక్కలు వేలాడిపోయాయి. బూడిదమ్మ మనవరాలు చిట్టి పందిరెక్కబోయి సగంలోనే దబ్బున పడింది. "అమ్మమ్మా, ఎగరలేకపోతున్నానే" అంటూ నీరసంగా కళ్లు వాల్చేసింది. బూడిదమ్మ గుండె చెరువైంది. నేరుగా కొట్టం చూరులో ఉండే పావురం దగ్గరికి పరుగెత్తింది.

"పిన్నీ, నువ్వు ఊరూరా గింజలు ఏరుకు తింటావు. నీకేం కాదేం?"

"బూజు కనిపిస్తే ముట్టను" అంది పావురం. "కంటికి కనబడని విషం కూడా ఉంటుందని, వాగు గట్టున తెల్లమట్టి కాస్త పొడుచుకు తింటాను. అది కడుపులో విషాన్ని పట్టుకుని రెట్టతోపాటు బయటికి పోతుంది. అలాగని మట్టి ఉంది కదా అని బూజు గింజలు మేపకే! ముందు వాటిని పారెయ్. మంచివి ఎండబెట్టి, ఆ పైన చిటికెడు మట్టి కలుపు."

బూడిదమ్మ అలాగే చేసింది. పాడైన గింజలన్నీ గొయ్యి తీసి పూడ్పించింది. కొట్టానికి కొత్త తాటాకు కప్పించింది.

"మట్టి తినే రాత పట్టిందా మనకి?" అని అబ్రాసు ఈసడించాడు.

"నీ ఇష్టం నాయనా" అంది బూడిదమ్మ. మూడోనాడు అతనే తలొంచుకుని వచ్చి మేతలో ముక్కు పెట్టాడు.

మూడు వారాలు గడిచాయి. కోళ్లన్నీ పూర్తిగా నీరసించాక విందుకి రావాలని గుంటయ్య వాగు అవతలే ఎదురుచూస్తున్నాడు. ఓ పొద్దున చిట్టి ఒక్క ఊపున పందిరెక్కి కూర్చుంది. బూడిదమ్మ కళ్లు చెమర్చాయి. వెంటనే అందర్నీ దగ్గరికి పిలిచింది. "మనం పడిపోయామనుకుని నక్క వచ్చేవేళయింది. రెక్కలు వేలాడేసి పడుకోండి. నేను కూత పెట్టేదాకా ఎవరూ కదలొద్దు."

మధ్యాహ్నానికి గుంటయ్య వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని కంచె దూకాడు. "చూశారా బావగారూ! వడ్డించిన విస్తరి! ముందు తమరు కానివ్వండి."

"కొక్కొక్కో!" అంది బూడిదమ్మ.

కోళ్లన్నీ ఒక్కసారిగా లేచాయి. అబ్రాసు గుంటయ్య ముక్కు మీద దూకాడు. చిట్టి చెవి పట్టుకుంది. వియ్యంకుడు తోక ముడిచి కంచె దూకుతూ, "విందని పిలిచి నన్నే వడ్డించావటయ్యా! ఇక మన రాకపోకలు చాలు!" అని అరిచాడు. ఒళ్లంతా గాట్లతో గుంటయ్య వాగు దాటి పారిపోయాడు. మళ్లీ ఆ చుట్టుపక్కల కనబడలేదు.

అబ్రాసు అందరి ముందూ బూడిదమ్మకి తల వంచాడు. దొడ్డి దొడ్డంతా విజయంతో కూసింది.

నీతి: పొగిడేవాడి మాటకన్నా, మేతను వాసన చూసి చెప్పేవాళ్ల మాట వినాలి.