గన్నేరు అల్లిన చక్రం

తేనెబండ అడవిలో ఎలుగుబంట్లు, జింకలు, కుందేళ్ళు, ఉడతలు, ఒక నెమలి జంట ఉండేవి. మగనెమలి పేరు రాజనీలుడు. ఆడనెమలి పేరు గన్నేరు. రాజనీలుడిది మూడు మూరల పింఛం, ఆరు మూరల గొప్పలు. గన్నేరు మట్టిరంగు పక్షి. పొద్దస్తమానం పనిచేసేవాళ్ళు ఎవరి కంటా పడరు కదా, ఆమె కూడా అంతే.

ఆ అడవిలో ఏటా చక్రాల పండుగ జరిగేది. ఎండాకాలం చివర, తొలివాన ఇంకా పడకముందు, అందరూ తలా ఒక చక్రం అల్లేవారు. తీగను గుండ్రంగా చుట్టి, ఆ చుట్టల మధ్య అడవిలో ఊరికే దొరికే ఆకులు, కాయలు, గింజలు, ఈకలు దోపేవారు. పొద్దున్నే వాటిని ఏగిస అనే పెద్ద చెట్టు కొమ్మలకు వేలాడదీసేవారు. పొద్దుగూకేదాకా ఎండకూ గాలికీ చెదరకుండా నిలిచిన వాటిలో అన్నిటికన్నా అందమైన చక్రానిదే గెలుపు. గెలిచినవారికి ఆ వానాకాలమంతా బండగట్టు సొంతం. ఎంత వరద వచ్చినా నీళ్ళెక్కని చోటు అడవిలో అదొక్కటే.

తొమ్మిదేళ్ళుగా రాజనీలుడే గెలుస్తున్నాడు. అంటే, అల్లేది గన్నేరు, వేలాడదీసేది అతను. ఆ గట్టు మీద వానాకాలమంతా అతను నాట్యం చేసేవాడు. "గుడ్లు కాళ్ళకు అడ్డం" అంటూ గన్నేరును కింద గడ్డిలోకి పంపేవాడు. పోయినేడు వాగు పొంగి ఆ గడ్డిలోకి వచ్చింది. గన్నేరు గుడ్లు నాలుగూ కొట్టుకుపోయాయి. గట్టు మీద నాట్యం మాత్రం ఆగలేదు.

ఈ ఏడు పండుగ రెండు రోజులుందనగా రాజనీలుడు పింఛం దులుపుకుంటూ వచ్చాడు.

"ఏమే, చక్రం మొదలుపెట్టావా? ఈసారి ఇంకాస్త పెద్దది చెయ్యి."

"మొదలుపెట్టబోతున్నానండీ. కానీ అది నాది."

"నీదంటే?"

"నా పేరు చెప్పి నేనే వేలాడదీస్తాను. గెలిస్తే గట్టు మీద గుడ్లు పెట్టుకుంటాను."

రాజనీలుడు పడీపడీ నవ్వాడు. "తోకలో ఒక్క కన్నైనా లేదు, పోటీకి బయల్దేరింది! సరే, అల్లుకో. తీగ చుట్టడం ఏమంత బ్రహ్మవిద్య? నాది నేనే అల్లుకుంటాను."

గన్నేరుకే నమ్మశక్యం కాలేదు. నోరు తెరిచి చెప్పేసింది! తొమ్మిదేళ్ళుగా గొంతులో పెట్టుకున్న మాట బయటికి వచ్చేసింది! ఒక్క పరుగున వెళ్ళి చారలవ్వను లేపింది. చారలవ్వ ఆ అడవిలోకెల్లా ముసలి ఉడత.

"అవ్వా, లే! నా పేరుతో చక్రం అల్లుతున్నాను!"

"నీ పేరుతోనా? ఇన్నాళ్ళకు తెల్లారిందటే నీకు! పద, పద!" అంటూ అవ్వ తోక ఎగరేసింది.

ఇక చూడాలి వాళ్ళ హడావుడి! ఎండిపోయి నేలమీద పడున్న పాలతీగను గన్నేరు ముక్కుతో లాక్కొచ్చింది. దాన్ని వాగు మడుగులో ముంచి, కొట్టుకుపోకుండా పైన రాయి పెట్టింది. అది నానేలోపు ఇద్దరూ అడవంతా గాలించారు. ముళ్ళకంప కింద పగిలిన కాయల్లో ఎర్రగా గురిగింజలు! "దొరికాయే!" అని అవ్వ అరిచింది. బూరుగు చెట్టు కింద తెల్లటి దూది! దానిలో గన్నేరు మునిగి తేలింది. నల్లటి పొడుగాటి రేలకాయలు, రాగిరంగుకు తిరిగిన మోదుగాకులు, వెండిలా మెరిసే ఎండు గడ్డిపరకలు. ఒక్క కొమ్మనూ విరవలేదు. ఒక్క పువ్వునూ కొయ్యలేదు. అడవి తనంతట తాను రాల్చినదే ఏరుకున్నారు.

దారిలో రాజనీలుడు ఎదురయ్యాడు. అతని చుట్టూ అప్పుడే తెంపిన పచ్చితీగలు, పసుపుపచ్చని రేలపూల గుత్తులు.

"ఏమిటా చెత్త? పండుగకా, పొయ్యిలోకా?" అన్నాడు.

"ఆ మాట ఎల్లుండి సాయంత్రం అడగండి" అంది గన్నేరు.

నానిన తీగ చెప్పినట్టు వంగింది. గన్నేరు దాన్ని చుట్టమీద చుట్టగా తిప్పి, కొసలు లోపలికి దోపింది. తీగ తడిగా ఉండగానే సందుల్లో కాయలు, ఆకులు, దూది ఇరికించింది. ఎండేకొద్దీ చుట్టలు బిగిసి వాటిని పట్టేసుకున్నాయి. రాజనీలుడి పింఛం నుంచి రాలిన ఈకలు గుట్టగా పడున్నాయి. గన్నేరు వాటివైపు చూడలేదు. చివర తన మట్టిరంగు ఈక ఒకటి పెట్టింది.

పండుగ పొద్దున చెట్టు చుట్టూ అడవంతా గుమిగూడింది. రాజనీలుడి చక్రం పచ్చగా, పసుపుగా, నీలంగా ధగధగలాడుతోంది. "అబ్బ!" అన్నాయి కుందేళ్ళు. పండుగలో తీర్పు చెప్పే పెద్దమనిషి భల్లూకయ్య, అడవిలో అందరికన్నా పెద్ద ఎలుగుబంటి, తల పంకించాడు. పక్కకొమ్మన గన్నేరు చక్రం నిదానంగా వేలాడుతోంది. గన్నేరు దాన్నే చూస్తూ నిలబడింది. ఓడిపోతే ఈ ఏడు కూడా గుడ్లు గడ్డిలోనే.

మధ్యాహ్నానికి ఎండ మండిపోయింది. రేలపూలు వాడి ఒక్కొక్కటే రాలాయి. పచ్చితీగ ఎండి సన్నబడింది. ముడులు వదులయ్యాయి. గుండ్రటి చక్రం సొరకాయలా సాగింది.

"పట్టుకోండి, ఎవరైనా పట్టుకోండి!" అని రాజనీలుడు దాని కిందికి పరుగెత్తాడు.

అప్పుడే ఒక్క ఊపున గాలి కొట్టింది. అతని చక్రం విడిపోయి అతని మెడలోనే పడింది! వాడిన తీగలు, చెవికి ఒక పూరేకు, ముక్కుమీద ఇంకొకటి. జింకపిల్లలు కిందపడి దొర్లి నవ్వాయి.

గన్నేరు చక్రం గాలికి గిరగిరా తిరిగింది. రేలకాయల్లో గింజలు గలగలలాడాయి. దూది మెరిసింది. గురిగింజ ఒక్కటి కూడా రాలలేదు. పొద్దు వాలేసరికి చెట్టు మీద చెదరకుండా మిగిలింది అదొక్కటే.

"గెలిచాం! గెలిచామే!" అని చారలవ్వ కొమ్మల మీద గంతులేసింది.

"అవును, గెలిచాం" అన్నాడు రాజనీలుడు మెడలోని తీగలు విదిలించుకుంటూ. "ఆమె నా పెళ్ళాం. నేను నేర్పితేనే అల్లింది. కాబట్టి గట్టు నాదే."

అందరూ భల్లూకయ్య వైపు చూశారు. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"అలాగా? అయితే చెప్పు నీలుడూ, తీగను ఎంతసేపు నానబెట్టాలి?"

"నానబెట్టడమా? తీగను నానబెడతారా ఎక్కడైనా?"

భల్లూకయ్య గన్నేరు వైపు తిరిగాడు.

"ఒక పగలు, ఒక రాత్రి" అంది గన్నేరు. "తొమ్మిదేళ్ళుగా అంతే. చక్రం బాగుందని మెచ్చుకున్నారు గానీ, ఇది ఎవరు నానబెట్టారని ఒక్కరూ అడగలేదు."

భల్లూకయ్య తల దించుకున్నాడు. "నిజమే తల్లీ. వేలాడదీసినవాడినే చూశాను. తప్పు నాది కూడా. గట్టు నీదే. నువ్వు గెలిచిన తొమ్మిది వానాకాలాలను మాత్రం తిరిగి ఇవ్వలేను."

దూరంగా ఉరుము ఉరిమింది. రాజనీలుడి గొంతు చిన్నదైపోయింది.

"మరి నేనెక్కడ ఆడాలి?"

"అడవంతా ఉంది. ఎక్కడైనా ఆడండి, నా గుడ్ల దగ్గర తప్ప" అంది గన్నేరు.

"వచ్చే ఏడు నా చక్రమో?"

"నేర్పుతాను. ముందు ఎండుతీగ మోపు మోసుకురండి. బరువుగా ఉంటుంది. మీకు అలవాటు లేదు కదా, మెల్లగా తెండి."

చినుకులు మొదలయ్యాయి. గన్నేరు తన చక్రాన్ని ముక్కున కరుచుకుని గట్టెక్కింది. పది రోజులకు వాగు పొంగింది. గడ్డంతా మునిగింది. నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి వెనక్కి మళ్ళాయి. పైన, మట్టిరంగు రెక్కల కింద, ఐదు గుడ్లు వెచ్చగా ఉన్నాయి.

నీతి: ఇంకొకరి పనికి తన పేరు పెట్టుకున్నవాడు, ఆ పని తానే చెయ్యాల్సి వచ్చిన రోజున నవ్వులపాలవుతాడు. కాబట్టి పిల్లలూ, అందమైనది ఏది కనబడినా దాన్ని ఎవరు చేశారో అడగండి. ఆ ప్రశ్న ముందు మీ ఇంట్లోనే మొదలుపెట్టండి.