తడిక ఎత్తిన ముంగిస

నల్లగుట్ట అడవిలో జంతువుల పిల్లలకు ఒక బడి ఉండేది. అక్కడి పిల్లలు వెదురుతో, పాత ఇనుపముక్కలతో రోబోలు చేసేవారు. కర్ర చక్రాలు వాటంతటవే తిరుగుతుంటే అడవి అంతా నోరు తెరుచుకుని చూసేది. ప్రాణం లేనిది పరుగెత్తడం, ఎంత వింత!

ఆ యేడు కొంగ మాస్టారు పోటీ పెట్టారు.

"తమ బుట్టలో ఎక్కువ వెలక్కాయలు వేసినవాళ్లకు ఈ వానాకాలం గుట్టమీది గుహ ఇస్తాం. దారికి అడ్డం నిలబడొచ్చు. ఎదుటి రోబోను గుద్దారో, గుద్దినప్పుడల్లా దెబ్బ తిన్నవాళ్ల బుట్టలో రెండు కాయలు నేనే వేస్తాను" అన్నారు.

ముంగిస పిల్ల చుక్కికి ఆ గుహ కావాలి. పోయిన వానలకు వాళ్ల కన్నం మునిగి, తమ్ముడు కొట్టుకుపోబోయాడు. అడవిపంది పిల్ల కోరడికి గుహతో పనే లేదు. గెలిచానని చెప్పుకుంటే చాలు.

ఆట మొదలైంది. కోరడి రోబో ఒక్క విసురుకు మూడు కాయలు బుట్టలో వేసింది. అబ్బ, ఏం విసురు! కోతులు చప్పట్లు కొట్టడమే మరిచిపోయాయి. చుక్కి రోబో మాత్రం ఒక్కో కాయే మోసుకెళుతోంది.

"ఏమే చుక్కీ, పోయి నత్తతో పందెం వేసుకోవే!" అని కోరడు నవ్వాడు.

చుక్కి తన రోబోను కోరడి బుట్ట ముందు నిలిపి, పెద్ద వెదురు తడిక పైకెత్తించింది. కోరడు విసిరిన కాయలన్నీ తడికకు తగిలి రాలాయి. అతను తన రోబోలో మళ్లీ కాయలు నింపుకునేలోగా చుక్కి రోబో వాటిని ఏరి, తన బుట్టలో వేసి, తిరిగి వచ్చి నిలబడింది.

"అన్నా, పక్కకెళ్లి విసురు! ఇంకా మనమే ముందున్నాం" అని కోరడి చెల్లెలు అరిచింది.

కోరడికి ఒళ్లు మండిపోయింది. "నాకే అడ్డమా? ముందు దీని సంగతి తేలుస్తా!" అని తన రోబోతో చుక్కి రోబోను గుద్దించాడు. మాస్టారు రెండు కాయలు చుక్కి బుట్టలో వేశారు. కోరడు ఆగలేదు. గుద్ది గుద్ది తన రోబో చెయ్యే విరగ్గొట్టుకున్నాడు.

చుక్కి రోబో చక్రం వంకరపోయింది. అయినా చివరి కాయను ఈడ్చుకుంటూ వెళ్లి బుట్టలో వేసింది. లెక్కిస్తే చుక్కికి ఒక్క కాయ ఎక్కువ.

"అంత ముందున్నవాణ్ణి, ఎలా ఓడాను?" అని కోరడు తన బుట్టలోకి తొంగి చూశాడు. గుద్దడం మొదలుపెట్టాక అందులో ఒక్క కాయ కూడా పడలేదు.

నీతి: అడ్డొచ్చినవాడి మీద కోపంతో, తాను వచ్చిన పని మరిచినవాడు చేతిదాకా వచ్చిన గెలుపును పోగొట్టుకుంటాడు.